మోకాలు తిరిగొచ్చింది, చోటు లేదు: లీ షుయెరుయ్ కేస్ స్టడీ

"ఎప్పటినుంచి ఆడొచ్చు మేడమ్?"

ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ అయిన పిల్లల్ని ఫిజియోనైన నా దగ్గరికి తీసుకొచ్చే అమ్మానాన్నలు మొదట అడిగేది ఇదే. నొప్పి సంగతి, మెట్లెక్కే సంగతి తర్వాత. పోయినేడు ఒకాయన పదహారేళ్ల కూతుర్ని తీసుకొచ్చారు. పాప చంకకర్రలు గోడకి ఆనించి కూర్చోకముందే ప్రశ్న వచ్చేసింది. నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా ఆయనే చెప్పేశారు. "గోపీచంద్ గారికీ ఇదే తెగింది కదండీ. అయినా ఆల్ ఇంగ్లండ్ కొట్టారుగా!"

కొట్టారు. 2001 మార్చిలో, బర్మింగ్‌హామ్‌లో, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హోంగ్‌ని 15-12, 15-6తో ఓడించి. మోకాలు తెగింది మాత్రం 1994లో, పుణె జాతీయ క్రీడల్లో. "అన్నయ్య గారూ, మధ్యలో ఏడేళ్లున్నాయి" అన్నాను. ఆయనకి ఆ మాట అంతగా రుచించలేదు.

మన దగ్గర మోకాలి కబురు వస్తే గోపీచంద్ పేరు రావడం సహజం. ధైర్యం చెప్పడానికి అంతకన్నా మంచి పేరు లేదు. కానీ ప్లాన్ వేయడానికి ఆ కథ నాకు సరిపోదు. 1990ల నాటి ఆపరేషన్లు వేరు, అప్పటి టోర్నమెంట్ల లెక్క వేరు. నేను కోచ్‌లకి, తల్లిదండ్రులకి బోర్డు మీద గీసి చూపించే కేసు ఇంకొకటుంది. చైనా బ్యాడ్మింటన్ సింగిల్స్ ప్లేయర్ లీ షుయెరుయ్. మన పేపర్లలో లీ జురుయి అని వచ్చేది. పదేళ్ల కిందట సైనా, సింధు మ్యాచ్‌లు వరసగా చూసినవాళ్లకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. డ్రాలో ఆ పేరు కనిపిస్తే చాలు, మనవాళ్ల ముఖాలు కాస్త వాడిపోయేవి.

నేను ఆమెకి వైద్యం చేసినదాన్ని కాను. నా చేతిలో ఉన్నవి మ్యాచ్ రికార్డులు, తేదీలు, అప్పట్లో బయటికి చెప్పిన గాయం వివరం, పదిహేనేళ్లుగా షటిల్ ఆడే పిల్లల మోకాళ్లు చూసిన అనుభవం. ఆ అర్థంలోనే దీన్ని కేసు అంటున్నాను.

గాయానికి ముందు

లీ 1991 జనవరి 24న చోంగ్‌కింగ్‌లో పుట్టింది. ఎత్తు 174 సెంటీమీటర్లు, కుడిచేతి వాటం. పందొమ్మిదేళ్ల వయసులో, 2010లో, న్యూఢిల్లీలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచింది. చైనా అమ్మాయి ఆసియా టైటిల్ గెలవడం అప్పట్లో పెద్ద వార్త కాదు. అక్కడ అసలు పోటీ ఇంట్లోనే. వాంగ్ యిహాన్, వాంగ్ షిన్, వాంగ్ షిషియాన్ అని ముగ్గురు వాంగ్‌లు అప్పటికే ప్రపంచ ర్యాంకింగ్స్‌లో పైన కూర్చుని ఉన్నారు. ముగ్గురినీ మన కామెంటేటర్లు కలిపేసేవాళ్లు, అదో సరదా.

2012 లండన్ ఒలింపిక్స్ నిబంధన ఈ కేసుకి ముఖ్యం. ఒక దేశం నుంచి ముగ్గురు సింగిల్స్ ఆడాలంటే ముగ్గురూ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో మొదటి నలుగురిలో ఉండాలి. అంటే చైనాకి మూడు కుర్చీలు, నలుగురు మనుషులు. ఆ ఏడాది మొదట్లో మూడో కుర్చీ వాంగ్ షిషియాన్‌దే అనుకున్నారు. లీ ఆ వసంతంలో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది, చింగ్‌దావోలో ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచింది, అర్హత గడువు ముగిసేసరికి కుర్చీ లాగేసుకుంది. లండన్‌లో ఆమె మూడో సీడ్. నాలుగో సీడ్ మన సైనా.

సెమీఫైనల్లో లీ వాంగ్ షిన్‌ని ఓడించింది. ఆగస్టు 4న ఫైనల్లో వాంగ్ యిహాన్‌ని 21-15, 21-23, 21-17తో ఓడించి బంగారు పతకం తీసుకుంది. జట్టులోకి చివర్లో వచ్చిన మూడో మనిషే ఛాంపియన్ అయింది.

అదే రోజు జరిగిన కాంస్య పోరు మనకి ఇంకా బాగా గుర్తు. వాంగ్ షిన్ సైనా మీద మొదటి గేమ్ 21-18తో గెలిచి, రెండో గేమ్‌లో ఒక పాయింట్ ఆడాక మోకాలు పట్టుకుని ఆగిపోయింది. సైనాకి కాంస్యం వచ్చింది, హైదరాబాద్‌లో పండగైంది. నేనూ స్వీట్లు పంచాను. వాంగ్ షిన్ మోకాలి గురించి ఆలోచించింది చాలా రోజుల తర్వాత. ఫిజియోగా అది ఒప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గే.

లండన్ తర్వాత లీ 2012 డిసెంబరులో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ నెల, మళ్లీ మరుసటి ఏడాది డిసెంబరులో సూపర్ సిరీస్ ఫైనల్స్ గెలిచింది. 2015 ఏప్రిల్‌లో సైనా ఎక్కేదాకా ఆ మొదటి స్థానం ఆమె పేరు మీదే ఉంది. దొరకనిది ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక్కటే. 2013లో గ్వాంగ్జౌ ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి రచనోక్ ఇంతనోన్ చేతిలో, 2014లో కోపెన్‌హాగెన్ ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ చేతిలో ఓడింది. రెండూ మూడు గేమ్‌లదాకా వెళ్లాయి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో వాంగ్ యిహాన్ మీద మొదటి గేమ్ 21-11తో గెలిచి, చివరి గేమ్ 7-21తో పోగొట్టుకుంది.

మనవాళ్లతో ఆమె లెక్క ఒకవైపుకి గట్టిగా ఒరిగినా, గుర్తుపెట్టుకోదగ్గ ఓటములున్నాయి. లండన్‌కి ముందు జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో సైనా ఆమెని 13-21, 22-20, 21-19తో ఓడించింది. లండన్ తర్వాత సెప్టెంబరులో, చాంగ్జౌలో, అప్పటికి పదిహేడేళ్ల సింధు ఒలింపిక్ ఛాంపియన్‌ని మూడు గేమ్‌లలో ఓడించింది. సింధు పేరు మొదటిసారి పెద్దగా వినపడింది ఆ మ్యాచ్‌తోనే అని నా అభిప్రాయం. 2015లో జకార్తా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ సింధూయే, మూడో రౌండ్‌లో. ఆ నవంబరులో ఫుజౌలో జరిగిన చైనా ఓపెన్ ఫైనల్లో లీ సైనాని 21-12, 21-15తో ఓడించింది. రియోకి తొమ్మిది నెలల ముందు ఆమె ఆట తగ్గలేదని చెప్పడానికి ఈ స్కోరు చాలు.

2016 ఆగస్టు 18

ఆ తేదీ తెలుగువాళ్లకి ఇంకో రకంగా తెలుసు. రియోలో సింధు జపాన్ అమ్మాయి ఒకుహరాని 21-19, 21-10తో ఓడించి ఫైనల్ చేరిన రోజు. మా వీధిలో టపాకాయలు కాల్చారు. అదే రోజు, అదే హాల్లో, ఇంకో సెమీఫైనల్లో లీ, మారిన్ ఆడారు. మారిన్ 21-14, 21-16తో గెలిచింది. స్కోరు చూస్తే మామూలు ఓటమిలాగే ఉంటుంది. కానీ రెండో గేమ్ చివర్లో లీ ఎడమ మోకాలు పోయింది. మ్యాచ్ వదల్లేదు, మిగిలిన పాయింట్లు ఆడి చేతులు కలిపి వెళ్లింది. మర్నాడు ఒకుహరాతో కాంస్య పోరుకి రాలేకపోయింది. ఒకుహరాకి రాకెట్ పట్టకుండానే పతకం వచ్చింది.

ఆ దెబ్బతో చైనాకి మహిళల సింగిల్స్‌లో పతకమే లేకుండా పోయింది. 1996 అట్లాంటా తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మధ్యలో 2000 నుంచి 2012 దాకా వరసగా నాలుగు బంగారు పతకాలు వాళ్లవే. వాంగ్ యిహాన్‌ని అప్పటికే క్వార్టర్స్‌లో సింధు ఇంటికి పంపించింది.

బయటికి చెప్పిన గాయం: ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది, దాంతోపాటు మెనిస్కస్ దెబ్బతింది.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను ఈ కేసు చూపించేదే ఈ చోటు కోసం.

ఏసీఎల్ అంటే మోకాలి కీలు మధ్యలో ఏటవాలుగా ఉండే లిగమెంటు. కాలి కింది ఎముక ముందుకి జారకుండా, మెలితిరగకుండా పట్టి ఉంచుతుంది. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య దిండులాంటి మెత్తటి పొర. ఫుట్‌బాల్‌లోనో కబడ్డీలోనో ఎవరో వచ్చి గుద్దితే తెగిందంటే అర్థం చేసుకుంటాం. షటిల్‌లో ఎవరూ ఎవరినీ తాకరు, మధ్యలో నెట్ ఉంది. అయినా తెగుతుంది. చాలామంది తండ్రులు ఇది నమ్మరు, "పాప సరిగ్గా పడలేదేమో" అంటారు.

జపాన్‌లో బ్యాడ్మింటన్ ఆటగాళ్ల ఏసీఎల్ గాయాల్ని వరసపెట్టి చూసినప్పుడు ఒక పోలిక బయటపడింది. ఎక్కువ గాయాలు వెనక కోర్టులో, బ్యాక్‌హ్యాండ్ మూలకి వెనక్కి వెళ్లి, తల మీదుగా కొట్టి, ఒంటికాలి మీద దిగేటప్పుడు అయ్యాయి. ఆ దిగే కాలు రాకెట్ పట్టిన చేతికి ఎదుటి వైపుది. అంటే కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ మోకాలు. మా అకాడమీల భాషలో చెప్పాలంటే రౌండ్ ద హెడ్ కొట్టి దిగే కాలు. బ్యాక్‌హ్యాండ్‌తో కొట్టకుండా తల చుట్టూ తిప్పి స్మాష్ కొట్టమని మనం ఎనిమిదేళ్ల పిల్లలకే నేర్పిస్తాం. అదే సరైన ఆట కూడా. నేర్పించనిది దిగడం. మోకాలు లోపలికి వాలకుండా, తుంటి, మోకాలు వంచి మెత్తగా దిగడం ఎవరూ రోజూ పదినిమిషాలు చేయించరు. స్మాష్ స్పీడ్ అయితే ఫోన్‌లో యాప్ పెట్టి మరీ కొలుస్తారు. చాలా ఆటల్లో ఈ లిగమెంటు అబ్బాయిల కన్నా అమ్మాయిలకే ఎక్కువగా తెగుతుంది కాబట్టి ఆ పదినిమిషాలు వాళ్లకి ఇంకా అవసరం.

లీ కుడిచేతి వాటం, తెగింది ఎడమది. మారిన్ ఎడమచేతి వాటం. 2019 జనవరిలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్లో సైనా మీద 10-4తో ముందుండగా ఆమెకి తెగింది కుడిది.

మారిన్ పేరు వచ్చింది కాబట్టి ఈ వరస కూడా చెప్పేస్తాను. 2021లో టోక్యోకి కొన్ని వారాల ముందు మారిన్ ఎడమ మోకాలు పోయింది, ఒలింపిక్స్‌కే రాలేదు. 2024 పారిస్ సెమీఫైనల్లో చైనా అమ్మాయి హె బింగ్జియావో మీద మొదటి గేమ్ 21-14తో గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందుండగా కుడి మోకాలు మళ్లీ పోయి, 10-8 దగ్గర ఆగిపోయింది. హె పతకాల వేదిక మీదికి వెళ్లినప్పుడు చేతిలో స్పెయిన్ బ్యాడ్జి పట్టుకుంది. ఎనిమిదేళ్ల కిందట ఇదే మారిన్ ఎదుట చైనా అమ్మాయి మోకాలు పోయింది, ఇప్పుడు చైనా అమ్మాయి ఎదుట మారిన్ మోకాలు పోయింది. మారిన్ ఆడలేదు కాబట్టి పారిస్ కాంస్యం ఇండోనేసియా అమ్మాయి గ్రెగోరియాకి ఆడకుండానే వెళ్లింది.

ఒకసారి లెక్కేయండి. లండన్, రియో, టోక్యో, పారిస్. నాలుగు ఒలింపిక్స్, నాలుగు మహిళల సింగిల్స్ కాంస్యాలు. అందులో మూడు ఎవరిదో ఒకరి మోకాలు పోవడం వల్ల తేలినవి. పూర్తిగా ఆడి గెలిచింది టోక్యోలో ఒక్కటే, హె బింగ్జియావో మీద సింధు 21-13, 21-15తో. ఈ లెక్క చెప్పినప్పుడు కోచ్‌లు ఫోన్లు కింద పెట్టి వింటారు.

20 నెలలు

లీ మళ్లీ కోర్టులోకి వచ్చింది 2018 ఏప్రిల్‌లో, హైనాన్ దీవిలోని లింగ్‌షుయ్‌లో జరిగిన చైనా మాస్టర్స్‌కి. దాదాపు 600 రోజులు.

ఈ అంకె విన్న తల్లిదండ్రుల ముఖం చూడాలి. "మా డాక్టర్ గారు ఆర్నెల్లన్నారే!" అంటారు. ఆర్నెల్లనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. ఆపరేషన్‌లో తెగిన లిగమెంటు స్థానంలో మన ఒంట్లోదే ఒక స్నాయువు తీసి పెడతారు, దాన్నే గ్రాఫ్ట్ అంటాం. అది పెట్టిన రోజు గట్టిగానే ఉంటుంది. తర్వాత వారాల్లో అందులోని పాత కణాలు చచ్చిపోయి, కొత్త రక్తనాళాలు వచ్చి, నెమ్మదిగా లిగమెంటులా మారుతుంది. ఈ మార్పు జరిగేటప్పుడు మధ్యలో అది బాగా బలహీనంగా ఉంటుంది. చిత్రమేమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తగ్గిపోతుంది, నొప్పి పోతుంది, పిల్ల మెట్లు గబగబా దిగుతుంది. ఇంట్లోవాళ్లకి నయమైపోయినట్టు కనిపిస్తుంది. నా పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే నెలలు అవే. కుంటేవాళ్లతో భయం లేదు, కుంటడం మానేసినవాళ్లతోనే భయం.

నేను 2017లో ఒక అబ్బాయిని ఆరో నెలలోనే ఆటకి వదిలేశాను. జోనల్ టోర్నమెంట్ ఉందని వాళ్ల నాన్న బతిమాలారు, అబ్బాయి స్క్వాట్ బాగానే చేస్తున్నాడు, నేను సరే అన్నాను. అదే మోకాలు మళ్లీ తెగింది. తప్పు పూర్తిగా నాది. ఒంటికాలి గెంతు పరీక్ష కూడా సరిగ్గా చేయకుండా కంటిచూపుతో తేల్చేశాను. ఆ తర్వాతే లీ లింగ్‌షుయ్‌లో దిగింది, నేను ఆమె తేదీలు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను.

డెలవేర్-ఓస్లో పరిశోధకులు ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లని గమనించినప్పుడు తేలింది ఇది: తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ గాయమయ్యే అవకాశం దాదాపు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. అందుకని ఇప్పుడు తొమ్మిది నెలలకి ముందు ఆడొచ్చని నేను ఎవరికీ సంతకం పెట్టను. తొమ్మిది నిండినా, మంచికాలితో పోలిస్తే ఆపరేషన్ అయిన కాలికి బలంలో, గెంతులో 90 శాతం రాకపోతే పెట్టను. మెనిస్కస్ కూడా కుట్టి ఉంటే మొదటి వారాల్లో బరువు మోపడమే ఆలస్యం, లోతుగా వంచడం ఇంకా ఆలస్యం. లీకి రెండూ దెబ్బతిన్నాయి. నెట్ దగ్గర లంజ్, అంటే ఒక కాలు ముందుకేసి వంగడం, చేయాలంటే మోకాలు లోతుగా వంగాల్సిందే కదా.

మరి మారిన్ సంగతేమిటని తెలిసినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2019 జనవరి 27న తెగిన మోకాలితో ఆమె అదే ఏడాది సెప్టెంబరులో చాంగ్జౌలో చైనా ఓపెన్ గెలిచింది, ఎనిమిది నెలలు కూడా నిండలేదు. అది సూపర్ 1000, అంటే పై మెట్టు టోర్నమెంట్. 2021లో పోయింది రెండో మోకాలు. తొందరపడి రావడం వల్లే రెండోది పోయిందని నేను అనను. ఒక మోకాలు తెగినవాళ్లకి రెండోదానికీ ముప్పు పెరుగుతుందనేది మాత్రం మా రంగంలో అందరికీ తెలిసిన సంగతి. మారిన్ చుట్టూ ఆమె ఒక్కదాని కోసమే పనిచేసే బృందం ఉండేది, ఆమె దేశంలో ఆమె స్థానానికి పోటీ ఉండేది కాదు. పోటీ లేని ఆ వెసులుబాటు లీకి లేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

కోర్టు బయట కదిలినవి

లీ వ్యాయామం చేసుకుంటున్న ఆ 20 నెలల్లో మోకాలితో సంబంధం లేనివి చాలా కదిలిపోయాయి.

మొదటిది ర్యాంకు. ప్రపంచ ర్యాంకింగ్స్‌లో గడిచిన 52 వారాల్లో ఆడిన టోర్నమెంట్లలో మంచివి పదింటిని లెక్కేస్తారు. ఏడాది దాటి బయట కూర్చుంటే ఒలింపిక్ ఛాంపియన్ ఖాతాలోనైనా మిగిలేది ఏమీ ఉండదు. అప్పట్లో అలాంటివాళ్లకి పెద్ద టోర్నమెంట్లలోకి నేరుగా వెళ్లే వీలుండేది కాదు. ఆమె దిగిన లింగ్‌షుయ్ సూపర్ 100 స్థాయి. ఆ ఏడాదే అంతర్జాతీయ టోర్నమెంట్ల వరసలో సూపర్ సిరీస్ పోయి వరల్డ్ టూర్ వచ్చింది. అప్పట్లో అందులో పై మెట్టు టోర్నమెంట్లలో బహుమతి మొత్తం కనీసం 10 లక్షల డాలర్లు, సూపర్ 100లో 75 వేలు. ఒకప్పటి నంబర్ వన్ కింది మెట్టు నుంచి ఎక్కాలి. సర్వీస్ నియమం కూడా మారింది. 2018 మార్చి నుంచి షటిల్‌ని నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తుకి దిగువనే కొట్టాలని ప్రయోగంగా పెట్టారు. చిన్నదే అయినా, ఇరవయ్యేళ్ల అలవాటు మీద ఒక కొత్త గీత.

రెండోది జట్టు. వాంగ్ యిహాన్, వాంగ్ షిషియాన్ రియో తర్వాత ఆట మానేశారు. ఆ తరంలో మళ్లీ ప్రయత్నించింది లీ ఒక్కతే. ఈలోపు 1997లో పుట్టిన హె బింగ్జియావో, 1998లో పుట్టిన చెన్ యుఫీ వచ్చేశారు. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో సింధు 21-13, 21-10తో ఓడించింది ఈ చెన్ యుఫీనే. అప్పుడు మనం "చైనా పనైపోయింది" అనుకున్నాం, నేనూ అన్నాను. అదే అమ్మాయి 2019లో ఆల్ ఇంగ్లండ్, ఆ తర్వాత టోక్యోలో బంగారు పతకం గెలిచింది.

మోకాలు మాత్రం తన పని చేసింది. 2018 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో యూఎస్ ఓపెన్ ఫైనల్. లీ మొదటి గేమ్ 24-26తో ఓడి, తర్వాతి రెండూ 21-15, 21-11తో గెలిచి టైటిల్ తీసుకుంది. ఎదుట అమెరికా ప్లేయర్ బీవెన్ జాంగ్. నేను ఈ స్కోరుని ఇష్టంగా చూపిస్తాను. 50 పాయింట్లు సాగిన గేమ్ ఓడిపోయాక, మూడో గేమ్‌లో 21-11. రిహాబ్ సరిగ్గా జరిగిందనడానికి దీనికన్నా మంచి పరీక్ష మా గదిలో లేదు. అలసిన కాలే తప్పుగా దిగుతుంది. ఆ ఏడాది చివర్లో కొరియాలోని గ్వాంగ్జులో కొరియా మాస్టర్స్ కూడా గెలిచింది, ఫైనల్లో తన జట్టులోనే చిన్నదైన హాన్ యూని 21-10, 21-18తో ఓడించి. ఇవి రెండూ సూపర్ 300 స్థాయివి.

ఇక్కడి నుంచి ఎక్కడం కుదరదా అంటే, కుదిరే సమయం లేదు. టోక్యో అర్హత లెక్క 2019 ఏప్రిల్ 29న మొదలైంది. లండన్‌లో ఉన్న ముగ్గురి నిబంధన రియోకే పోయింది. ఇప్పుడు ఒక దేశం నుంచి ఇద్దరే, అదీ ఇద్దరూ మొదటి పదహారులో ఉంటేనే. లీ లండన్‌కి వెళ్లింది ఏ మూడో కుర్చీలోనో ఆ కుర్చీయే గదిలో లేదు. ఉన్న రెండింట్లో చెన్ యుఫీ, హె బింగ్జియావో కూర్చుని ఉన్నారు, ఇద్దరూ మొదటి పదిలో. 2019 అక్టోబరులో లీ రిటైర్మెంట్ ప్రకటించింది. వయసు 28.

ఆమె ఎందుకు మానేసిందో ఆమె మనసుకే తెలుసు. నేను చెప్పేది క్యాలెండర్ చెప్పే మాట. చాలామంది ఈ కేసుని "మోకాలు ఒక కెరీర్‌ని మింగేసింది" అని ముగిస్తారు. నాకది సగం నిజంగా కనిపిస్తుంది. తెగిన మోకాలు మళ్లీ టైటిళ్లు గెలిచింది. రానిది ఆ 20 నెలల్లో పోయిన చోటు. ఆ చోటు మీద ఏ సర్జన్‌కీ, ఏ ఫిజియోకీ అధికారం లేదు. లీ తొమ్మిదో నెలలో వచ్చి ఉంటే చోటు దొరికేదేమో, మోకాలు మళ్లీ పోయేదేమో. తూకం వేయాల్సింది ఈ రెండింటి మధ్యే.

ఈ కేసు వల్ల నా గదిలో మారింది

మునుపు నేను మోకాలి చార్టు ఒకటే రాసేదాన్ని. రెండు వారాలకి కాలు పూర్తిగా చాపగలగాలి, మూడో నెల చివర నెమ్మదిగా పరుగు, అయిదో నెలలో షటిల్ లేకుండా కోర్టు మూలలకి నడక, అలా. ఇప్పుడు దాని పక్కనే ఇంకో కాగితం పెడతాను. అందులో పిల్ల వయసు విభాగం ఎప్పుడు మారుతుంది, రాష్ట్ర సెలక్షన్లు ఎప్పుడు, పదో తరగతో ఇంటరో పరీక్షలెప్పుడు, ర్యాంకింగ్ పాయింట్లు ఎప్పుడు రాలిపోతాయి అన్నీ రాస్తాం. మొదటివారమే, కోచ్‌ని, తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి. పోయేది ఏదో ముందే పోగొట్టుకుంటే, ఆరో నెలలో ఎవరూ బతిమాలరు. కొందరు కోచ్‌లకి ఇది నచ్చదు. "ముందే అలా భయపెట్టేస్తే పిల్ల డీలా పడిపోతుంది" అంటారు. నా అనుభవంలో పిల్లలు డీలా పడరు, పెద్దవాళ్లే పడతారు.

తిరిగి దిగే మొదటి టోర్నమెంటు చిన్నదై ఉండాలనేది ఇంకో మార్పు. ఒలింపిక్ ఛాంపియన్ సూపర్ 100లో దిగింది. మన పిల్లలు మాత్రం తిన్నగా స్టేట్ మీట్‌లోనే దిగుతామంటారు, "జిల్లా మ్యాచ్‌లు నామోషీ" అని.

మొదట్లో చెప్పిన పాప రిహాబ్‌లో రెండుసార్లు బాగా ఏడ్చింది. ఒకసారి అండర్-17 సెలక్షన్ లిస్టు వచ్చినరోజు, ఇంకోసారి కారణం లేకుండా. ఎనిమిదో నెలలో గెంతు పరీక్షలో 84 శాతం వచ్చింది. మొన్న తొమ్మిదో నెల పరీక్షలో బలం 91, గెంతు 88. వాళ్ల నాన్న 91ని పట్టుకున్నారు, నేను 88ని పట్టుకున్నాను. పాప మధ్యలో కూర్చుని, "మేడమ్, ఆ చైనా అక్క లింగ్‌షుయ్‌కి ముందు గెంతు ఎంత చేసిందో తెలుసా?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను. "నీది మాత్రం ఇంకో రెండు శాతం కావాలి."

మూడు వారాల తర్వాత మంగళవారం మళ్లీ రమ్మన్నాను. షూ తెచ్చుకోమన్నాను, పాతవి కాదు, కోర్టువి.